ఇనుప ఉల్కాశిలలో సోడియం ఉన్న ఫాస్ఫేట్: మెరిల్లైటా, బ్రియనైటా, ఇంకేదైనానా?

నల్లపొర

నమస్తే. సిలికేట్ మచ్చలున్న ఇనుప ఉల్కాశిల పలక ఇది. ట్రోయిలైట్ (ఇనుము సల్ఫైడ్), గ్రాఫైట్ కలిసిన ముద్ద అంచు వెంట రంగులేని రేణువులు కనిపిస్తున్నాయి. పరిమాణం 15 నుంచి 60 మైక్రాన్ల వరకు ఉంది. ఈడీఎస్ (ఎక్స్ కిరణాల శక్తిని బట్టి మూలకాలు చెప్పే విశ్లేషణ) 20 కిలోవోల్టుల దగ్గర, స్టాండర్డ్ (కూర్పు తెలిసిన నమూనా) లేకుండా, బంగారు పూత మీద తీసినది. సిలికాన్ లేదు, క్లోరిన్ లేదు. పరమాణువుల లెక్కలో భాస్వరాన్ని 1 అనుకుంటే సోడియం 0.7, కాల్షియం 0.45, మెగ్నీషియం 0.45, ఇనుము చాలా తక్కువ. బీఎస్ఈ (వెనక్కి చెదిరిన ఎలక్ట్రాన్ల) బొమ్మలో పక్కనున్న ఆలివిన్‌తో దాదాపు సమానమైన బూడిద రంగు. ఇంకాస్త తెల్లగా ఉన్న రేణువులు కూడా అక్కడక్కడా ఉన్నాయి. వాటిలో కాల్షియం చాలా ఎక్కువ.

సాఫ్ట్‌వేర్ లైబ్రరీ మాత్రం అన్నిటికీ ఒకే పేరు చూపిస్తోంది: విట్లాకైట్. నమ్మొచ్చా? ఖాయం చేయాలంటే ఏ వరుసలో వెళ్లాలి?

కామసైట్

లైబ్రరీని పక్కన పెట్టండి. కాల్షియం, మెగ్నీషియం, భాస్వరం మూడూ కనబడితే చాలు, ఆ పేరే వస్తుంది. అదీగాక ఉల్కాశిలల విషయంలో ఆ పేరు సాధారణంగా తప్పు. విట్లాకైట్‌ను 1941లో భూమ్మీది పెగ్మటైట్ నుంచి వర్ణించారు, అందులో హైడ్రోజన్ ఉంటుంది. ఉల్కాశిలల్లో దొరికేది హైడ్రోజన్ లేని మెరిల్లైట్. చాలా ఏళ్లు రెండింటినీ ఒకే పేరుతో రాశారు కాబట్టి పాత వ్యాసాల్లో 'విట్లాకైట్' అని ఉన్నచోట ఎక్కువగా మెరిల్లైట్ అనే చదువుకోవాలి.

మీ తెల్లటి రేణువులు మెరిల్లైట్ కావచ్చు. బూడిద రంగువి మాత్రం కావు. మెరిల్లైట్‌లో భాస్వరం 7 ఉంటే కాల్షియం 9, మెగ్నీషియం 1, సోడియం 1. అంటే భాస్వరం 1కి కాల్షియం 1.29, సోడియం 0.14. మీకు సోడియం 0.7 వచ్చింది. ఈడీఎస్ ఎంత నాసిగా ఉన్నా ఇంత తేడా తప్పు కొలత వల్ల రాదు.

భాస్వరం 1కి పెట్టి పోల్చుకోడానికి ఆదర్శ నిష్పత్తులు:

క్లోరపటైట్: కాల్షియం 1.67, సోడియం లేదు, క్లోరిన్ 0.33.
మెరిల్లైట్: కాల్షియం 1.29, మెగ్నీషియం 0.14, సోడియం 0.14.
స్టాన్‌ఫీల్డైట్: కాల్షియం 0.67, మెగ్నీషియం 0.83.
ఫారింగ్టనైట్: మెగ్నీషియం 1.5, మిగతావి దాదాపు లేవు.
బుక్‌వాల్డైట్: కాల్షియం 1, సోడియం 1, మెగ్నీషియం లేదు.
బ్రియనైట్: సోడియం 1, కాల్షియం 0.5, మెగ్నీషియం 0.5.
పనెథైట్: సోడియం స్థానం మొత్తం 1 (కొంత కాల్షియం, పొటాషియం కలిసి), మెగ్నీషియం, ఇనుము, మాంగనీస్ కలిపి 1.
క్లాడ్నైట్: సోడియం 0.33, కాల్షియం 0.17, మెగ్నీషియం 1.17.

మీ అంకెలు దేని పక్కన కూర్చుంటాయో మీకే తెలుస్తోంది. బ్రియనైట్, పనెథైట్ రెండూ అమెరికాలోని డేటన్ ఇనుప ఉల్కాశిల నుంచే 1967లో వర్ణించిన ఖనిజాలు. అక్కడా మెరిల్లైట్‌తో కలిసి ఉన్నాయి. కాబట్టి సందర్భం కూడా సరిపోతోంది. కానీ సందర్భం సాక్ష్యం కాదు.

కిరణపుంజం

అసలు సమస్య బంగారు పూత. భాస్వరం కే-ఆల్ఫా 2.01 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటుంది, బంగారం ఎం పీక్ 2.12 దగ్గర. ఈడీఎస్ విడదీసే సామర్థ్యానికి ఇవి రెండూ ఒకే ముద్ద. సాఫ్ట్‌వేర్ లెక్క కట్టి విడదీశానంటుంది గానీ పూత మందం తెలియకుండా చేసే ఆ పనిలో బంగారం కొంత భాస్వరం ఖాతాలో పడుతుంది. మీ నిష్పత్తులన్నీ 0.7, 0.45, 0.45 అని తక్కువగా రావడానికి అది ఒక కారణం కావచ్చు. ప్లాటినం, ఇరిడియం పూతలతోనూ ఇదే తంటా. జిర్కోనియం ఎల్ పీక్ 2.04 దగ్గర ఉంటుంది కాబట్టి చిన్న జిర్కాన్ ముక్క కూడా భాస్వరంలా నటిస్తుంది. ఫాస్ఫేట్ పనికి కార్బన్ పూత తప్ప మరొకటి వాడకూడదు.

పూత తీయడానికి అయోడిన్, పొటాషియం అయొడైడ్ ద్రావణం వాడొద్దు. అది ఇనుము-నికెల్ లోహాన్నీ, ట్రోయిలైట్‌నీ తింటుంది. పావు మైక్రాన్ వజ్రపు పేస్టుతో, నీటికి బదులు ఆల్కహాల్ ఆధారిత ద్రవంతో ఒకటి రెండు నిమిషాలు మెత్తటి గుడ్డ మీద తిప్పితే చాలు.

కొత్త కార్బన్ పూత సుమారు 20 నానోమీటర్లు. పక్కన పాలిష్ చేసిన ఇత్తడి ముక్క పెట్టి చూడండి. దాని రంగు నారింజ దాటి ఎర్రటి ఊదాలోకి వచ్చినప్పుడు ఆపాలి, నీలం వస్తే పూత మందమైపోయినట్టు. స్టాండర్డులకూ సెక్షన్‌కూ ఒకేసారి పూత వేయించగలిగితే మరీ మంచిది. సోడియం కిరణాలు బలహీనమైనవి, పూత మందం తేడా ముందుగా వాటికే తగులుతుంది.

సన్నసెక్షన్

పూతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి. పలకను నైటల్‌తో చెక్కించారా? తుప్పు పోవడానికి ఏదైనా రసాయనం రాశారా?

2 శాతం నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌తో విడ్‌మన్‌స్టాటన్ గీతలు (లోహంలోని అల్లిక) బయటికి తీస్తారు. చూడ్డానికి బాగుంటుంది, ఫాస్ఫేట్లకు మాత్రం చావు. పైపొర కరిగి రేణువు అంచులు గుంటలు పడతాయి, సోడియం ముందుగా పోతుంది. చెక్కిన పలక అయితే కనీసం 20, 30 మైక్రాన్ల మందం పొర తీసేసి మళ్లీ పాలిష్ చేయాలి.

రెండోది ఇంకా మోసకారి. తుప్పును మార్చే చాలా ద్రవాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. అది లోహం మీదా పగుళ్లలోనూ ఇనుప ఫాస్ఫేట్ పొర పెడుతుంది. ఈడీఎస్‌లో ఇనుము, భాస్వరం, ఆక్సిజన్ చూపించే 'కొత్త ఖనిజం' పుట్టేది అక్కడే. గుర్తుపట్టే పద్ధతి ఇది: అసలు ఫాస్ఫేట్ రేణువుకు తన ఆకారం ఉంటుంది, ట్రోయిలైట్‌తోనో సిలికేట్‌తోనో నేరుగా, శుభ్రంగా అతుక్కుని ఉంటుంది. రసాయనం వల్ల వచ్చింది పగులు వెంట తీగలా సాగుతుంది, సమాన మందంతో, ఎండిన బురదలా నెర్రెలతో.

ష్రైబర్సైట్‌తోనూ జాగ్రత్త. అది ఫాస్ఫేట్ కాదు, ఇనుము-నికెల్ ఫాస్ఫైడ్. ఆక్సిజన్ పీక్ ఉండదు, బీఎస్ఈలో లోహమంత తెల్లగా ఉంటుంది. బూడిద రంగు రేణువు అంచున బీమ్ పెడితే కింద దాక్కున్న ష్రైబర్సైట్ నుంచి భాస్వరం కలిసిపోతుంది.

నల్లపొర

పలక చెక్కలేదు, రసాయనం ఏదీ రాయలేదు. కోత కూడా ఆల్కహాల్‌తోనే. పూత మార్పిస్తాను. ఈలోగా రామన్ (లేజర్ వెలుగు చెదరడాన్ని బట్టి అణు కంపనాలు చూసే పరీక్ష) తీయించొచ్చా? దానితోనే తేలిపోతే మైక్రోప్రోబ్ (ఎలక్ట్రాన్ బీమ్‌తో చిన్న చుక్క కూర్పు కొలిచే యంత్రం) అవసరం ఉండదు కదా.

పలుగురాయి

తీయించండి, కానీ పూత తీశాక, కొత్త కార్బన్ పూత వేయకముందు. కార్బన్ పూత ఉంటే 1350, 1580 దగ్గర వెడల్పాటి పట్టీలు వచ్చి అడ్డుపడతాయి. మీ ముద్దలో గ్రాఫైట్ ఎలాగూ ఉంది, అది చాలు.

రామన్ ఏం చెప్పగలదో ముందే తెలుసుకోండి. ఫాస్ఫేట్ సమూహం ప్రధాన కంపనం సుమారు 940 నుంచి 1010 వేవ్‌నంబర్ల మధ్య వస్తుంది. అపటైట్‌లో 960 నుంచి 965 మధ్య ఒక్కటే సన్నటి పీక్. మెరిల్లైట్‌లో 957, 973 దగ్గర జంట పీకులు. విట్లాకైట్‌లో ఈ జంటతో పాటు 920 దగ్గర చిన్న పీక్ కూడా ఉంటుంది, హైడ్రోజన్ పట్టుకున్న ఫాస్ఫేట్ ఇచ్చేది. బలమైన అఘాతం తిన్న ఉల్కాశిలల్లో మెరిల్లైట్ అధిక పీడన రూపం టుయైట్‌గా మారుతుంది, దాని పెద్ద పీక్ 975 దగ్గర ఒంటరిగా నిలబడుతుంది.

అంటే మీ తెల్ల రేణువుల సంగతి రామన్ వెంటనే తేల్చేస్తుంది. బ్రియనైట్, పనెథైట్ లాంటి వాటికి నమ్మకమైన ప్రమాణ స్పెక్ట్రమ్‌లు అరుదు. పీక్ ఎక్కడుందో చెప్పగలం, 'ఇది ఫలానా' అని చెప్పడానికి పోల్చుకునేది కావాలి. కాబట్టి 'మెరిల్లైట్ కాదు, అపటైట్ కాదు' వరకే రామన్‌ను సాక్షిగా పిలవండి.

తీసే పద్ధతి: 532 నానోమీటర్ల లేజర్, రేణువు మీద పడే శక్తి 2, 3 మిల్లీవాట్లు మించకూడదు. పక్కనే ట్రోయిలైట్ ఉంది, శక్తి పెంచితే అది వేడెక్కి ఆక్సైడ్ అవుతుంది, 225, 290, 1320 దగ్గర హెమటైట్ పీకులు కనిపిస్తాయి. అలా కనిపిస్తే మీరు కాల్చేశారని అర్థం, ఖనిజంలో ఉన్నదని కాదు. ముందూ వెనకా సిలికాన్ ముక్క మీద 520.7 పీక్ సరిచూడండి. జంట పీకుల మధ్య దూరం 16 వేవ్‌నంబర్లే, 2, 3 జరిగినా అపటైట్ వాదనలు మొదలవుతాయి.

785 లేజర్‌తో తీస్తే ఇంకో చిక్కు. ఫాస్ఫేట్లు అరుదైన మృత్తిక మూలకాలను బాగా పట్టుకుంటాయి. నియోడిమియం వెలుగు 870 నానోమీటర్ల ప్రాంతంలో వచ్చి, 1100 నుంచి 1400 వేవ్‌నంబర్ల మధ్య సూదుల్లాంటి పీకుల గుంపుగా కనిపిస్తుంది. లేజర్ మార్చి చూడండి. రామన్ పీక్ తన వేవ్‌నంబర్ దగ్గరే ఉంటుంది, వెలుగు పీక్ చోటు మారుతుంది.

కామసైట్

పలుగురాయి గారూ, 'మెరిల్లైట్ కాదు' అనడానికీ కొంత షరతు ఉంది. స్ఫటికం దిశను బట్టి జంటలో ఒక పీక్ బాగా కుంగిపోవచ్చు. రేణువును తిప్పి, అంటే స్టేజి మీద 45, 90 డిగ్రీలు మార్చి తీసి, అప్పుడూ రెండోది రాకపోతేనే ఒంటి పీక్ అని రాయాలి.

పలుగురాయి

నిజమే. వేర్వేరు దిశల్లో ఉన్న రెండు మూడు రేణువుల మీద తీసినా అదే పని అవుతుంది.

కిరణపుంజం

ఇక మైక్రోప్రోబ్. అది లేకుండా ఈ చర్చ తెగదు. సోడియం ఎక్కువున్న ఫాస్ఫేట్‌కు మామూలు సిలికేట్ సెట్టింగులు పనికిరావు.

15 కిలోవోల్టులు, 5 నుంచి 10 నానో ఆంపియర్లు. బీమ్‌ను 10 మైక్రాన్లకు వెడల్పు చేయండి, రేణువు చిన్నదైతే 5. అంతకన్నా సన్నగా పెడితే సోడియం బీమ్ కింద నుంచి జారిపోతుంది, నిమిషంలోపే కౌంట్లు పడిపోవడం తెర మీదే కనిపిస్తుంది. సోడియం పోయిన కొద్దీ భాస్వరం, కాల్షియం కౌంట్లు కాస్త పెరుగుతాయి కాబట్టి మొత్తం 99, 100 శాతం వచ్చేసి మిమ్మల్ని మభ్యపెడుతుంది. అందుకే మొత్తం బాగుందని మురిసిపోవద్దు.

సోడియాన్ని మొట్టమొదట కొలవాలి, పీక్ మీద 10 సెకన్లు, రెండు పక్కలా నేపథ్యం 5 సెకన్ల చొప్పున. కౌంట్లను కాలంతో పాటు నమోదు చేసి సున్నా సెకను దగ్గరికి లెక్క కట్టే సౌకర్యం సాఫ్ట్‌వేర్‌లో ఉంటే తప్పక వాడండి. ఫ్లోరిన్, క్లోరిన్ కూడా మొదటి వరుసలోనే. కాల్షియం, మెగ్నీషియం, ఇనుము, మాంగనీస్ తర్వాత నింపాదిగా తీసుకోవచ్చు.

స్టాండర్డులు: సోడియానికి ఆల్బైట్ (దాని మీద కూడా బీమ్ వెడల్పుగానే ఉండాలి, అదీ సోడియం కోల్పోతుంది), మెగ్నీషియానికి ఫార్స్టరైట్, ఇనుముకు ఫయలైట్, పొటాషియానికి ఆర్థోక్లేజ్, కాల్షియం, భాస్వరాలకు డురాంగో ఫ్లోరపటైట్.

ఇక్కడే చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. కాల్షియం కే-బీటా రెండో వరుస ప్రతిబింబం భాస్వరం కే-ఆల్ఫా పక్కనే పడుతుంది. తరంగదైర్ఘ్యాలు 6.18, 6.16 ఆంగ్‌స్ట్రమ్‌లు, స్పెక్ట్రోమీటర్‌కు తేడా తెలియదు. అపటైట్‌ను స్టాండర్డుగా పెట్టి అపటైట్‌నే కొలిస్తే తప్పు రెండు వైపులా కొట్టుకుపోతుంది. మీ రేణువులో కాల్షియం, భాస్వరం నిష్పత్తి 0.5, స్టాండర్డులో 1.67. స్టాండర్డులో భాస్వరం కౌంట్లు ఉబ్బి ఉంటాయి, మీ రేణువులో ఉబ్బవు. ఫలితంగా మీ భాస్వరం తక్కువగా వస్తుంది. డిటెక్టర్ పల్స్ ఎత్తుకు సన్నటి కిటికీ పెట్టండి, కాల్షియం ఫోటాన్ శక్తి రెట్టింపు కాబట్టి బయటికి పోతుంది. పోయిందో లేదో చూడ్డానికి వోలాస్టనైట్ మీద భాస్వరం కొలవండి. అందులో భాస్వరం ఉండదు, ఏమైనా చూపిస్తే అదంతా ఈ దొంగ సంకేతమే.

ఫ్లోరిన్‌ను పొరల కృత్రిమ స్ఫటికం మీద కొలిస్తే ఇనుము ఎల్ పీక్ అడ్డొస్తుంది. పక్కన లోహం ఉన్న మీ సెక్షన్‌లో అది పెద్ద సమస్యే. కౌంట్లు తక్కువైనా టీఏపీ (థాలియం ఆసిడ్ థాలేట్) స్ఫటికం మీదే తీయండి.

సన్నసెక్షన్

ఒక చిన్న చేర్పు. లోహానికి 10 మైక్రాన్లలోపు ఉన్న చుక్కల్లో ఇనుము కొన్ని పదో వంతుల శాతం ఎక్కువ కనిపిస్తుంది, రేణువు నుంచి బయల్దేరిన ఎక్స్ కిరణాలు పక్కనున్న లోహాన్ని వెలిగిస్తాయి కనుక. ప్రతి చుక్కలో నికెల్, గంధకం కూడా కొలవండి. నికెల్ కనబడితే ఆ ఇనుములో కొంత లోహానిది. గంధకం కనబడితే ట్రోయిలైట్‌ది. రెండూ లేని చుక్కలే లెక్కకు తీసుకోవాలి.

తోకచుక్క

ఇంత గొడవ దేనికి? కాండ్రైట్ (గుండ్రటి రేణువులున్న రాతి ఉల్కాశిల) సెక్షన్లలో బీఎస్ఈలో ఆలివిన్‌కన్నా కాస్త తెల్లగా, లోహం అంచున అతుక్కుని కనిపించేదంతా మెరిల్లైటో క్లోరపటైటో. క్లోరిన్ పీక్ ఉంటే రెండోది, లేకపోతే మొదటిది. పదికి తొమ్మిదిసార్లు ఇదే సరిపోతుంది.

కామసైట్

కాండ్రైట్లలో సరిపోతుంది, ఒప్పుకుంటాను. అక్కడ కూడా 4 నుంచి 6 రకాల్లోనే. వేడికి లోహంలోని భాస్వరం బయటికి వచ్చి కాల్షియంతో కలిసి ఫాస్ఫేట్ అయ్యేది అప్పుడే. ఇనుప ఉల్కాశిలలు, పల్లసైట్లకు (లోహంలో ఆలివిన్ రేణువులున్న ఉల్కాశిలలు) ఈ సూత్రం పనిచేయదు. బూడిద రంగు ఆధారపడేది సగటు పరమాణు సంఖ్య మీద. ద్రవ్యరాశితో తూచి లెక్కిస్తే క్లోరపటైట్ 14.5, మెరిల్లైట్ 13.6, బుక్‌వాల్డైట్ 12.9, స్టాన్‌ఫీల్డైట్ 12.4, బ్రియనైట్ 11.8, ఫారింగ్టనైట్ 10.8. పల్లసైట్ ఆలివిన్ ఫార్స్టరైట్ 88 శాతమున్నది అయితే 11.9. అంటే బ్రియనైట్ ఆలివిన్‌లో కలిసిపోతుంది, ఫారింగ్టనైట్ అయితే ఆలివిన్‌కన్నా నల్లగా కనిపిస్తుంది. తెల్లగా ఉన్నదాన్నే వెతికేవాళ్లు కెనడాలోని స్ప్రింగ్‌వాటర్ పల్లసైట్‌ను పరీక్షిస్తే, 1961లో ఫారింగ్టనైట్ వర్ణించిన ఆ రాయిలోనే దాన్ని చూడకుండా దాటిపోతారు.

అందుకే బీఎస్ఈతో వెతకొద్దు. భాస్వరం మూలక పటం వేయించండి, దాని మీద ఆక్సిజన్, సిలికాన్, సోడియం, కాల్షియం పటాలు పేర్చండి. భాస్వరం, ఆక్సిజన్ రెండూ వెలిగి సిలికాన్ చీకటిగా ఉన్న చోటు ఫాస్ఫేట్, ఆక్సిజన్ లేకపోతే ష్రైబర్సైట్.

తోకచుక్క

పటం అంటే ఒక పూట యంత్రం కావాలి కదా.

కిరణపుంజం

అక్కర్లేదు. ఈడీఎస్‌తో, 2 మైక్రాన్ల అడుగుతో, ముద్ద అంచు వరకే వేయిస్తే గంట పని. పెద్ద పలక మొత్తం కావాలంటేనే రాత్రంతా వదిలేయాలి. మూలకాల పటం అయ్యాక మీ 'పదికి తొమ్మిది' లెక్క కూడా సరిచూసుకోవచ్చు :)

నల్లపొర

కార్బన్ పూత వేయించి, పైన చెప్పిన పద్ధతిలో ప్రోబ్ చేయించాను. నికెల్, గంధకం లేని చుక్కల సగటు, బరువు శాతాల్లో: సోడియం ఆక్సైడ్ 19.8, కాల్షియం ఆక్సైడ్ 18.9, మెగ్నీషియం ఆక్సైడ్ 12.9, ఇనుము ఆక్సైడ్ 0.9, భాస్వరం పెంటాక్సైడ్ 47.1. మొత్తం 99.6. క్లోరిన్, ఫ్లోరిన్, పొటాషియం గుర్తింపు స్థాయి కింద. వోలాస్టనైట్ మీద భాస్వరం సున్నా.

రామన్‌లో తెల్ల రేణువులు 957, 973 జంట చూపించాయి. బూడిద రంగువాటికి అది రాలేదు.

కామసైట్

బాగా వచ్చింది. సూత్రం కట్టి చూద్దాం. ఒక్కో ఆక్సైడ్ శాతాన్ని దాని అణుభారంతో భాగించాలి. సోడియం 19.8ని 61.98తో భాగిస్తే 0.3195, అందులో సోడియం పరమాణువులు రెండు కాబట్టి 0.639. కాల్షియం 0.337, మెగ్నీషియం 0.320, ఇనుము 0.0125. భాస్వరం 47.1ని 141.94తో భాగించి రెట్టింపు చేస్తే 0.664. వీటికి తగిన ఆక్సిజన్ మొత్తం 2.648. దాన్ని 8 చేయడానికి గుణకం 3.021.

8 ఆక్సిజన్లకు: సోడియం 1.93, కాల్షియం 1.02, మెగ్నీషియం 0.97, ఇనుము 0.04, భాస్వరం 2.00. ఆదర్శ బ్రియనైట్‌కు సోడియం 2, కాల్షియం 1, మెగ్నీషియం 1, భాస్వరం 2. మెగ్నీషియం, ఇనుము కలిపితే 1.01, ఆ స్థానం నిండింది. సోడియం 0.07 తక్కువ. కొంత బీమ్ కింద జారినదై ఉండొచ్చు, ఆదర్శ బరువు 20.6 శాతం.

పనెథైట్ కాదనడానికి కారణం కాల్షియం. పనెథైట్‌లో మెగ్నీషియం, ఇనుము, మాంగనీస్ కలిపి 2 ఉండాలి, మీకు 1 మాత్రమే. మెగ్నీషియం ఉండటంతో బుక్‌వాల్డైట్ కూడా తేలిపోయింది. అది గ్రీన్‌లాండ్ కేప్ యార్క్ ఇనుములో, ట్రోయిలైట్ ముద్దల్లో దొరికినది, 1977లో వర్ణించారు. మీ ముద్దలో ఇంకెక్కడైనా ఉండే అవకాశం లేకపోలేదు.

తెల్ల రేణువులకు ఒక మాట: మెరిల్లైటా విట్లాకైటా అన్నది ప్రోబ్ మొత్తాన్ని చూసి తేల్చొద్దు. విట్లాకైట్‌లో నీరు లెక్కకు 0.86 శాతం. ప్రోబ్ మొత్తం మీద ఒక శాతం అటూ ఇటూ మామూలే, నీరు అందులోనే దాక్కుంటుంది. 920 పీక్ లేకపోవడం, సోడియం ఆక్సైడ్ 2.9 శాతం దరిదాపుల్లో ఉండటం, ఈ రెండూ కలిసి వస్తే మెరిల్లైట్ అనొచ్చు. ఇనుము మెగ్నీషియాన్ని మించితే ఫెర్రోమెరిల్లైట్ వైపు చూడాలి. అంగారకుడి నుంచి వచ్చిన షెర్గొట్టిలో వర్ణించిన రకం అది, ఇనుప ఉల్కాశిలలో నాకైతే ఆశ లేదు.

పలుగురాయి

కూర్పు బ్రియనైట్‌దే, అంతవరకు పేచీ లేదు. కానీ 'బ్రియనైట్' అని రాయాలంటే నిర్మాణం కూడా కావాలి. కూర్పు ఒకటే అయినా నిర్మాణం వేరైతే ఖనిజం వేరు. టుయైట్, మెరిల్లైట్ ఉదాహరణ పైనే ఉంది.

సన్నసెక్షన్

తేలికైన అడుగు ముందు వేయండి: 30 మైక్రాన్ల పల్చటి సెక్షన్, క్రాస్డ్ పోలరైజర్ల మధ్య. మెరిల్లైట్ ద్వివక్రీభవనం 0.003 దరిదాపు, కాబట్టి ముదురు బూడిద రంగు దాటదు. బ్రియనైట్ వక్రీభవన సూచికలు 1.598 నుంచి 1.608 వరకు, తేడా 0.010. అదే మందంలో మొదటి శ్రేణి తెలుపు, లేత పసుపు వరకు వెళ్తుంది. రెండూ పక్కపక్కన ఉన్న మీ సెక్షన్‌లో కంటికే తెలిసిపోవాలి. దానితోపాటు బ్రియనైట్‌లో ప్లేజియోక్లేజ్‌లో కనిపించే లాంటి సన్నటి జంట చారలు ఉంటాయి, మెరిల్లైట్‌లో అలాంటివి ఎదురుచూడక్కర్లేదు.

పల్చన చేసేటప్పుడు మాత్రం ఫాస్ఫేట్ చుట్టూ ఉన్న గ్రాఫైట్ ఊడివచ్చి రేణువును లాక్కుపోతుంది. చివరి 60 మైక్రాన్లు చేత్తో దించండి. మధ్యలో ఓసారి శూన్యంలో ఎపాక్సీ నింపితే మంచిది.

పలుగురాయి

జంట చారలు మంచి గుర్తే, కానీ అవే ఈబీఎస్‌డీని (చెదిరిన ఎలక్ట్రాన్ల పట్టీలతో స్ఫటిక దిశ చూసే పద్ధతి) ఏడిపిస్తాయి. బ్రియనైట్ మోనోక్లినిక్, కానీ బీటా కోణం 91 డిగ్రీల చుట్టుపక్కలే. పైగా కణంలో 9.12, 5.2 ఆంగ్‌స్ట్రమ్‌ల అంచుల నిష్పత్తి మూడు వర్గమూలానికి దగ్గరగా ఉండటంతో షడ్భుజాకారంలా నటిస్తుంది. సాఫ్ట్‌వేర్ 60 డిగ్రీల తేడాతో మూడు దిశల్లో ఏదో ఒకటి ఎంచుకుంటుంది, ఒకే రేణువు పటంలో చదరంగం గళ్లలా కనిపిస్తుంది. అది నిజమైన జంటతనమా, తప్పు సూచికా అన్నది చూడాలంటే పట్టీల సంఖ్య పెంచి, బిన్నింగ్ తగ్గించి, అనుమానం ఉన్న చుక్కల కికుచి పట్టీలను చేత్తో సరిపోల్చాలి. పటంలో సరిహద్దులు తిన్నగా ఉండి, సన్నసెక్షన్ గారు చెప్పిన చారలతో కలిస్తే నిజమైనవి. చుక్కలు చుక్కలుగా చెదిరి ఉంటే సాఫ్ట్‌వేర్ తడబాటు.

ఈబీఎస్‌డీకి చివరి పాలిష్ కొల్లాయిడల్ సిలికాతో చేస్తారు కదా, దాన్ని 10 నిమిషాలకు మించనీయకండి, వెంటనే ఆల్కహాల్‌తో కడగండి. నీళ్లలో నానిన లోహం పక్కన తుప్పు మొదలై రేణువు అంచులోకి పాకుతుంది.

60 మైక్రాన్ల రేణువు ఉంది కాబట్టి అన్నిటికన్నా నమ్మకమైన దారి వేరే ఉంది. దాన్నుంచి 20, 30 మైక్రాన్ల ముక్కను అయాన్ బీమ్‌తో కోసి ఎత్తి, సింగిల్ క్రిస్టల్ ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్ కిరణ వివర్తనం) ఇవ్వడం. కణం కొలతలు 13.4, 5.2, 9.1 ఆంగ్‌స్ట్రమ్‌ల దగ్గర వస్తే ఇక వాదనకు తావుండదు. మెరిల్లైట్ అయితే 10.3, 37 ఆంగ్‌స్ట్రమ్‌లు వస్తాయి, పొరబడే అవకాశమే లేదు. ఎత్తే ముందు ఆ రేణువు ప్రోబ్ చుక్కలు ఎక్కడెక్కడో ఫోటో మీద గుర్తుపెట్టి దాచుకోండి. నిర్మాణం, కూర్పు ఒకే రేణువువని చూపించలేకపోతే రెండూ కలవవు.

నల్లపొర

పెద్ద రేణువును అందుకు కేటాయిస్తాను. మూలక పటంలో ఇంకొకటి బయటపడింది. క్లోరపటైట్‌ను ఆనుకుని 4 మైక్రాన్ల రేణువు, సోడియం తక్కువ, మెగ్నీషియం చాలా ఎక్కువ. ఈడీఎస్‌లో భాస్వరం 1కి మెగ్నీషియం 1.1, సోడియం 0.3, కాల్షియం 0.3.

కామసైట్

క్లాడ్నైట్ వైపు లాగుతోంది. అమెరికాలోని కార్ల్టన్ ఇనుములో 1994లో వర్ణించినప్పుడు కూడా అది క్లోరపటైట్ పక్కనే ఉంది. మీ కాల్షియం 0.3 ఉంది, ఉండాల్సింది 0.17. ఆ ఎక్కువ పక్కింటి అపటైట్‌దేనని నా అనుమానం. క్లోరిన్ కూడా చూపిస్తే అనుమానం నిజమే. ఇనుము మెగ్నీషియాన్ని మించితే అదే కుటుంబంలోని జాన్‌సోమర్‌విల్లైట్ అవుతుంది, మీ అంకెల్లో అలా లేదు.

కిరణపుంజం

4 మైక్రాన్లకు 15 కిలోవోల్టులు ఎక్కువ. ఆ శక్తి దగ్గర ఎలక్ట్రాన్లు ఈ సాంద్రతలో సుమారు 2 మైక్రాన్ల లోతుకూ పక్కలకూ పాకుతాయి, 20 దగ్గర 3 దాటుతాయి. 10 కిలోవోల్టులకు దించితే ఒక మైక్రాన్‌లో సరిపెట్టుకోవచ్చు. అంతకన్నా దించితే ఇనుము కే గీత సరిగా వెలగదు, దానికి 7.1 కావాలి, 10 దగ్గరే కౌంట్లు పలచగా ఉంటాయి. కాబట్టి 10 కిలోవోల్టులు, 5 నానో ఆంపియర్లు, బీమ్ 2 మైక్రాన్లు, సోడియానికి 5 సెకన్లు మాత్రమే. స్టాండర్డులన్నీ కూడా మళ్లీ 10 దగ్గరే కొలవాలి. 15 దగ్గర తీసినవి దీనికి వాడకూడదు. అపటైట్ వైపు అంచు నుంచి దూరంగా చుక్క పెట్టి, ప్రతిసారీ క్లోరిన్ చూడండి. క్లోరిన్ సున్నా అయిన చుక్క ఒక్కటి దొరికినా దాని కాల్షియం అంకె ఇక్కడ పెట్టండి.